పూత వచ్చేదాకా పీకరాదు

ఉరుకుందమ్మ సెప్టెంబరు పద్దెనిమిదో తేదీ ఉదయం తొమ్మిదిన్నరకు కరిబండ రైతు కేంద్రానికి ఒక గడ్డి దుబ్బు తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. వేరుతో సహా తెచ్చింది. చిటికెన వేలంత లావు వేరు, కణుపు కణుపుకూ ఒక మొలక. వేరుకు అంటిన మట్టి బల్ల మీద రాలింది. దీన్ని చంపే మందు ఉంటే చెప్పమని ఆమె అడిగింది.

ఆమెకు ఊరికి పడమట రెండెకరాల నల్లరేగడి ఉంది. వానలు తగ్గాక అందులో శనగ వేస్తుంది. నేలలో పదును ఉండగానే విత్తనం పడాలి. పదును ఆరితే శనగ మొలవదు. ఆ చేనికి బోరు లేదు, కాలువ లేదు. ఏడాదికి ఆమెకు వచ్చేది ఆ ఒక్క పంట.

ఈ గడ్డి ఆరేళ్ల కిందట కరువులో బయటి నుంచి వచ్చిన పశుగ్రాసం లారీతో ఊళ్లోకి దిగింది. చూడటానికి జొన్నలా ఉంటుంది. అందుకని ఊరివాళ్లు పిచ్చి జొన్న అంటారు. జొన్న ఒక పంటకాలం బతికి చస్తుంది. ఇది చావదు. దున్నితే వేరు ముక్కలవుతుంది, ముక్క ముక్కా మళ్లీ మొలుస్తుంది. అది ఉన్న చోట శనగ లేవదు. గడ్డపారతో తవ్వి వేరు ఏరివేయడం ఒక్కటే దారి. ఆ ఉదయం ఉరుకుందమ్మ ఒక మంచం పట్టేంత మేర ఉన్న గడ్డిలో ఒక మూల తవ్వి, ఆ దుబ్బు తెచ్చింది.

రైతు కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలు హసీనా. ఉద్యోగంలో చేరి పద్నాలుగు నెలలైంది. ఆమె దుబ్బును చూసింది. గోడకు అంటించిన సర్క్యులర్‌ను చూసింది. ఉరుకుందమ్మను కూర్చోమంది.

సర్క్యులర్ వచ్చి రెండు వారాలైంది. అంతకు ముందు నెల రాజధానిలో విదేశీ కలుపు గడ్డి మీద మూడు రోజుల సదస్సు జరిగింది. రైతులు తెలియక మంచి గడ్డిని కూడా పీకేస్తున్నారని ఒక నిపుణుడు అందులో చెప్పాడు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నెల తిరక్కుండా విదేశీ బహువార్షిక కలుపు గడ్డి గుర్తింపు, నిర్మూలన కార్యక్రమం మొదలైంది. సర్క్యులర్‌లో పదకొండు పేరాలున్నాయి. నాలుగో పేరా ప్రకారం, గుర్తింపు పూర్తయ్యే వరకు అనుమానిత గడ్డిని ఎవరూ పీకరాదు, తవ్వరాదు, దున్నరాదు. ఐదో పేరా ప్రకారం, గుర్తింపు పూత దశలో కంకిని చూసి మాత్రమే చేయాలి, పూతకు ముందు దాని పేరు ఎవరూ నిర్ధారించరాదు. తొమ్మిదో పేరా ప్రకారం, అటువంటి గడ్డిని పూత దశకు రాకముందే నిర్మూలించాలి.

ఈ మూడు పేరాలను ముగ్గురు అధికారులు రాశారు. ముగ్గురూ మొత్తం సర్క్యులర్ కింద సంతకం చేశారు.

"దీన్ని ఎందుకు పీకితివి పెద్దమ్మా?" అంది హసీనా.

"కలుపును పీకక పూజ చేస్తారా పాపా?"

"ఇది కలుపని ఇంకా తేలలేదు."

"నీకు తేలలేదేమో. నాకు ఆరేండ్ల కిందటే తేలింది."

హసీనా మండల వ్యవసాయాధికారి ప్రాణేశ్‌కు ఫోన్ చేసింది. పీకడం ఉల్లంఘనే అయినా, ఇరవై నాలుగు గంటల్లోపు యథాస్థితికి తెస్తే నమోదు చేయనక్కర్లేదని ఆయన చెప్పాడు. యథాస్థితి అంటే ఏమిటని ఉరుకుందమ్మ అడిగింది. తెచ్చిన చోటే మళ్లీ నాటాలని హసీనా చెప్పింది.

ఉరుకుందమ్మ బల్ల మీది దుబ్బును చేతిలోకి తీసుకుంది. తర్వాత ఇద్దరూ చేనికి నడిచారు. ఆమె గుంత తీసి దుబ్బును నాటింది. హసీనా ఫొటో తీసి పంపింది. బతుకుతుందో లేదోనని హసీనా భయపడింది. మూడో రోజుకు కొత్త ఆకు వచ్చింది.

ఇరవై రెండో తేదీన ప్రాణేశ్ వచ్చాడు. వ్యవసాయ శాస్త్రంలో పట్టా, ఇరవై ఏళ్ల సర్వీసు. గట్టు దిగకముందే ఆయన గడ్డిని గుర్తుపట్టాడని ముఖం చూస్తే తెలిసింది. ఒక్క దుబ్బు లేపి వేరు చూడమని, జొన్నకు ఇట్లాంటి వేరు ఉండదని ఉరుకుందమ్మ చెప్పింది.

"నాకు తెలుసమ్మా. తెలిసినా నేను చెప్పకూడదు" అన్నాడాయన.

గడ్డి చుట్టూ పది మీటర్ల మేర యథాతథ మండలం ఏర్పాటు చేయాలని ఆరో పేరా చెబుతోంది. సున్నంతో వలయం గీయించాడు. మధ్యలో బోర్డు పాతించాడు. 'అనుమానిత మొక్క. ముట్టుకోరాదు' అని బోర్డు మీద ఉంది. పూత ఎప్పుడొస్తుందని ఉరుకుందమ్మ అడిగింది. ఐదారు వారాలు పట్టవచ్చని చెప్పాడు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. శనగ విత్తే రోజులు సరిగ్గా అవే.

లింగప్ప ఎద్దుల జత, విత్తనం వేసే గొర్రు ఉన్న మనిషి. ఊళ్లో సగం చేలకు విత్తనం ఆయన చేతి మీదుగానే పడుతుంది. సాయంత్రం ఆ దారిన పోతూ ఆగి, బోర్డు రెండుసార్లు చదివాడు.

"సర్కారు పంట ఎట్లుంది వదినా?"

"నీ గొర్రు చూసుకో పోప్పా."

అక్టోబరు మూడున చేను పొడవునా కొత్త మొలకలు కనిపించాయి. పోయిన ఏడాది ట్రాక్టరుతో దున్నినప్పుడు తెగిన వేర్ల నుంచి వచ్చినవి అవి. హసీనా ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఇరవై నాలుగు చోట్ల ఉన్నాయి. మొలక మొలకకూ పది మీటర్ల వలయం గీశారు, బోర్డు పాతారు. వలయాలన్నీ గీశాక రెండెకరాల్లో మిగిలిన చోటు ఈశాన్యం మూల ఒక ముక్క. అందులో ఎద్దుల జత మళ్లడానికి కూడా చోటు లేదు.

ఏడో తేదీన మేకలు వచ్చి తొమ్మిది మొలకలు మేశాయి. మర్నాడు జిల్లా ఉప సంచాలకుడు చంద్రమౌళి వీడియో సమావేశంలో ఈ విషయాన్ని సమీక్షించాడు. ఆయన ఈ కార్యక్రమానికి జిల్లా బాధ్యుడు. రాష్ట్రంలో ఏ జిల్లా ముందు గుర్తింపు పూర్తి చేస్తుందో దానికి ప్రశంసాపత్రం ఉందని అప్పటికే సమాచారం వచ్చింది.

"నమూనా భద్రత విషయంలో క్షేత్రస్థాయి నిర్లక్ష్యాన్ని ఉపేక్షించేది లేదు. అక్టోబరు ముప్పై ఒకటిలోగా పూత సాధించాలి. అవసరమైన పోషక చర్యలు తీసుకోండి" అన్నాడు.

పోషక చర్యలు తీసుకున్నారు. చేనికి ఒక కాపలాదారును, అతనికి ఒక ఈలను ఇచ్చారు. రెండు రోజులకోసారి ట్యాంకరుతో నీళ్లు పోశారు. ఆ వారం రైతు కేంద్రం ముందు యూరియా కోసం పత్తి రైతులు చెప్పులు వరుసలో పెట్టి రోడ్డు దాకా నిలబడ్డారు. లారీ వచ్చింది. మొదటి బస్తా గడ్డికి కేటాయించారు. వరుసలో ముందున్న రైతు తన చెప్పులు తీసుకుని ఇంటికి పోయాడు.

బస్తా ఇవ్వాలంటే మిషన్ మీద వేలిముద్ర పడాలి. గడ్డికి వేలు లేదు కాబట్టి ఉరుకుందమ్మను పిలిపించారు. ఆమె వేలు పెట్టింది. అప్పుడు మిషన్ ఆ సర్వే నంబరులో ఉన్న పంట ఏదని అడిగింది. హసీనా జాబితా తెరిచింది. నూట నలభై ఆరు పంటల పేర్లున్నాయి. అనుమానిత మొక్క లేదు, కలుపు లేదు, ఇతరములు కూడా లేదు. పేరు ఎంచకపోతే బస్తా రాదు. బస్తా పడకపోతే పూత రాదు. హసీనా ఆకు పోలికను బట్టి జొన్న అని నొక్కింది. రసీదు బయటికి వచ్చింది. సర్వే నంబరు 212, రైతు ఉరుకుందమ్మ, పంట జొన్న, విస్తీర్ణం రెండెకరాలు.

పంతొమ్మిదిన మంచి వాన పడింది. ఊరంతా గొర్రులు కట్టింది. ఉరుకుందమ్మ గట్టు మీద కూర్చుని పక్క చేలలో శనగ పడటం చూసింది. కాపలాదారు ఆమె వలయంలోకి పాదం పెట్టకుండా చూశాడు. అతనూ రైతే. అతని చేనూ విత్తాల్సి ఉంది.

ఇరవై నాలుగో తేదీ ఉదయం మొదటి కంకి బయటికి వచ్చింది. ప్రాణేశ్ పది నిమిషాల్లో చంద్రమౌళికి ఫోన్ చేశాడు. చంద్రమౌళి రాజధానికి ఫోన్ చేశాడు. ఇరవై ఐదున ఉరుకుందమ్మకు నోటీసు వచ్చింది. తొమ్మిదో పేరాకు విరుద్ధంగా అనుమానిత గడ్డిని పూత దశ వరకు పెరగనిచ్చినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

ఉరుకుందమ్మ చెప్పింది, హసీనా రాసింది.

"సర్కారు నీళ్లు పోసింది. సర్కారు ఎరువేసింది. సర్కారు కాపలా కాసింది. పూసింది."

ఇంకేమైనా చేర్చాలా అని హసీనా అడిగింది. వద్దంది.

ముప్పయ్యో తేదీన గుర్తింపు కమిటీ వచ్చింది. చంద్రమౌళి అధ్యక్షుడు, ప్రాణేశ్ కన్వీనరు. పరిశోధన కేంద్రం నుంచి గడ్డిజాతుల శాస్త్రవేత్త డాక్టర్ వకుళ సభ్యురాలు. ఆమె జీపు దిగి గడ్డి దగ్గర కూర్చుని ఒక గడ్డపార ఇమ్మంది. వేరు చూస్తే నిమిషంలో తేలిపోతుందని చెప్పింది.

"ఫారంలో వేరుకు గడి లేదండీ" అన్నాడు చంద్రమౌళి.

ఫారంలో పద్నాలుగు గడులున్నాయి. ఆకు పొడవు, ఆకు వెడల్పు, నడిమి ఈనె రంగు, కంకి పొడవు వగైరా. ప్రతి గడిలోనూ మొక్క కొలతను జిల్లా ప్రమాణ నమూనా కొలతతో పోల్చి, సరిపోయిందో లేదో రాయాలి. జిల్లా ప్రమాణ నమూనా ఎక్కడుందని వకుళ అడిగింది. ప్రాణేశ్ చంద్రమౌళి వైపు చూశాడు. దాని గురించి నెల కిందటే రాజధానికి రాశారు. ఏ జిల్లా నమూనాను ఆ జిల్లాయే సమకూర్చుకోవాలని జవాబు వచ్చింది. జిల్లాలో పూతకు వచ్చిన అనుమానిత గడ్డి ఇదొక్కటే. మిగతా మండలాల్లో రైతులు ఫిర్యాదు చేయకుండా పీకేసుకున్నారు, లేదా మేకలు మేశాయి, లేదా ఇంకా పూత రాలేదు.

చంద్రమౌళి అక్కడికక్కడే ఉత్తర్వు రాయించాడు. సర్వే నంబరు 212లో ఉన్న మొక్కలను జిల్లా ప్రమాణ నమూనాగా ప్రకటించారు. పరిరక్షకుడిగా తానే సంతకం చేశాడు. తర్వాత సర్వే నంబరు 212లోని మొక్కను జిల్లా ప్రమాణ నమూనాతో పోల్చారు. పద్నాలుగు గడులూ సరిపోయాయి.

దేనితో సరిపోయాయని వకుళ అడిగింది. తన భిన్నాభిప్రాయాన్ని రాస్తానంది. దానికీ గడి లేదు. హాజరు పట్టీలో సంతకం చేసి జీపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

గుర్తింపు అయిపోయింది కదా, ఇక తవ్వుకోవచ్చా అని ఉరుకుందమ్మ చంద్రమౌళిని అడిగింది.

"అమ్మా, నిన్నటిదాకా అది అనుమానిత మొక్క. ఈ రోజు నుంచి ప్రమాణం. జిల్లాలో ఏ గడ్డిని గుర్తించాలన్నా దీనితోనే పోల్చాలి. ప్రమాణాన్నే పీకేస్తే ఇక దేన్ని దేనితో పోలుస్తాం?"

"నా శనగ సారూ?"

"వచ్చే ఏడాది సానుకూలంగా పరిశీలిద్దాం."

జీపులు వెళ్లాక లింగప్ప వచ్చాడు. గట్టు దిగి, వలయాలు లేని ఈశాన్యం మూల ముంజేయి మునిగేదాకా గుంత తీసి, అడుగు మట్టి పిడికిట్లో నొక్కి తెరిచాడు. ముద్ద నిలిచింది. వేలితో తట్టాడు. రెండు ముక్కలైంది.

"పదును ఇంగ ఆరు దినాలు వదినా. ఏడో దినం నన్ను పిలవద్దు."

ఈసారి ఆయన ఎగతాళి చేయలేదు.

నవంబరు రెండున ఆమె మళ్లీ రైతు కేంద్రానికి వెళ్లింది. యూరియా రసీదు బల్ల మీద పెట్టి చదవమంది. హసీనా చదివింది.

"పంట జొన్న అని ఉందా?"

"ఉంది పెద్దమ్మా."

"రాసింది సర్కారే గదా?"

"నేనే రాసినా."

"మనిషి తన జొన్న కోసుకునేకి పర్మిషన్ కావల్నా పాపా?"

హసీనా గోడ దగ్గరికి వెళ్లింది. పదకొండు పేరాలూ చదివింది. ప్రమాణ నమూనా ఉత్తర్వు తీసి అదీ చదివింది. ఎక్కడా జొన్న అనే మాట లేదు. కావాల్సిన పని లేదని చెప్పింది.

"కోసినాక కొయ్యలు తవ్వేకి?"

నల్లరేగడిలో జొన్న కోశాక మోళ్లు అట్లా వదిలితే తర్వాతి పంటకు గొర్రు దిగదు. ఆ కొయ్యలను వేళ్లతో సహా తవ్వి తీయడం ఆ ప్రాంతంలో ప్రతి రైతూ చేసే పని. దానికి ఎవరినీ ఎవరూ అడిగింది లేదు. హసీనా తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"రేపు, ఎల్లుండి నాకు ట్రైనింగు. నేనుండను. తవ్వేటప్పుడు ఒక్క ముక్క కూడా మిగలనియ్యద్దు. కణుపు మిగిల్తే మళ్లా వస్తాది."

మూడో తేదీ పొద్దున పదకొండు మంది కొడవళ్లు, గడ్డపారలు తీసుకుని చేను దగ్గరికి వచ్చారు. కాపలాదారు ఈల వేశాడు. ఉరుకుందమ్మ రసీదు చూపించింది. అతను నిదానంగా చదివాడు. అనుమానిత మొక్కను కాయమన్నారు గానీ జొన్నను కాయమని తనకు ఆర్డరు లేదన్నాడు. ఈల జేబులో వేసుకుని తన చేను విత్తడానికి పోయాడు.

మొదటి రోజు కోశారు. రెండో రోజు మధ్యాహ్నం దాకా తవ్వారు. మంచం మేర ఉన్న చోట మోకాలి లోతు వెళ్లాల్సి వచ్చింది. ఇరవై నాలుగు మొలకల కిందా తవ్వారు. వేర్లు ఏడు బస్తాలయ్యాయి. బండ మీద ఆరబోసి కాల్చారు. బోర్డులను మాత్రం కదిలించలేదు. ప్రభుత్వ ఆస్తి కాబట్టి ముట్టుకోవద్దని ఉరుకుందమ్మ చెప్పింది. ఐదో తేదీన లింగప్ప గొర్రు కట్టాడు. బోర్డు అడ్డొచ్చిన చోటల్లా ఎద్దులను పక్కకు తిప్పాడు. సాయంత్రం నాలుగు గంటలకు ఆఖరి సాలు పూర్తయింది. లింగప్ప చెప్పిన ఆరు దినాల్లో అది ఆఖరి దినం.

ఇరవై ఒకటో తేదీన కమిటీ, కొత్తగా పూతకు వచ్చిందని మూడు మండలాల నుంచి తెచ్చిన గడ్డిని ప్రమాణ నమూనాతో పోల్చడానికి వచ్చింది. చేనులో ఇరవై ఐదు బోర్డులున్నాయి. వాటి మధ్య సాళ్లలో నాలుగు వేళ్ల ఎత్తు మొక్కలున్నాయి. అందరూ గట్టు మీద ఆగారు.

"సార్, ఇది శనగ" అన్నాడు ప్రాణేశ్.

చంద్రమౌళి లెక్క వేసుకున్నాడు. జిల్లాకు మొదటి స్థానం వచ్చింది. ప్రశంసాపత్రం ఇరవై ఎనిమిదిన ఇస్తారు. నమూనా పోయిందని రాస్తే పరిరక్షకుడు ఎవరని అడుగుతారు. ఆయన సర్క్యులర్ తెరిచి ఐదో పేరా మీద వేలు పెట్టాడు.

"ప్రాణేశ్ గారూ, పూత వచ్చిందా?"

"లేదు సార్."

"పూతకు ముందు మొక్క పేరు నిర్ధారించే అధికారం మీకుందా?"

"లేదు సార్."

"అయితే శనగ అన్నది మీ వ్యక్తిగత అభిప్రాయం. రికార్డుల్లో సర్వే నంబరు 212లో ఉన్నది జిల్లా ప్రమాణ నమూనా. పని మొదలుపెట్టండి."

మొదలుపెట్టారు. మూడు మండలాల గడ్డిని ఆ మొక్కలతో పోల్చారు. పద్నాలుగు గడుల్లో ఒక్కటీ సరిపోలేదు. ఆ మూడు మండలాల్లో ఉన్నది విదేశీ కలుపు గడ్డి కాదని ధ్రువీకరించారు. ఉత్తరాలు అందిన రోజే అక్కడి రైతులు, నాలుగో పేరా ఇక తమకు వర్తించదు కాబట్టి, ఆ గడ్డిని వేళ్లతో సహా తవ్వేశారు. నిర్మూలనలోనూ జిల్లా మొదటి స్థానంలో నిలిచింది.

ఆ రోజు పోలిక నడుస్తుండగానే డాక్టర్ వకుళ వంగి ఒక చిగురు తుంచి నోట్లో వేసుకుంది. శాస్త్రీయంగా ఏమంటారని చంద్రమౌళి అడిగాడు. పుల్లగా ఉందని, అయితే రుచికి గడి లేదని ఆమె చెప్పింది. ఈసారి జీపు దగ్గరికి పోకుండా గట్టు మీదే కూర్చుంది.

చంద్రమౌళి ఉరుకుందమ్మను దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, నిజం చెప్పు. ఏం వేశావిక్కడ?"

"నేనేం చెప్తా సారూ. పూత వచ్చేదాకా దాని పేరు ఎవ్వరూ చెప్పగూడదంట గదా."

ఆయన ప్రాణేశ్‌ను రాసుకోమన్నాడు. నమూనా ఆరోగ్యంగా ఉందని, కాపలా కొనసాగించాలని, మేకలు రాకుండా చూడాలని, తదుపరి పరిశీలన పూత దశలో జరపాలని మినిట్స్ రాశారు. సంతకాలయ్యాయి.

ఉరుకుందమ్మ చేనులోకి దిగింది. సాళ్ల మధ్య అక్కడక్కడా ఏదో గడ్డి మొలిచింది. కమిటీ చూస్తుండగానే కూర్చుని పీకడం మొదలుపెట్టింది. దాని పేరేమిటని ఎవరూ అడగలేదు.